‘ది రోడ్’ నవల: చిన్నపిల్లలున్న నాన్నలు రాత్రిపూట చదవకండి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో కథ మొత్తం ఉంటుంది, ఆఖరి పేజీతో సహా. కథ తెలిసిపోతే చెడిపోయే నవల కాదు ఇది. అయినా ఏమీ తెలియకుండా చదవాలనుకునేవాళ్లు పుస్తకం అయ్యాకే ఇటు రండి.

కార్మాక్ మెకార్థీ రాసిన ‘ది రోడ్’ 2006లో అచ్చయింది. 2007లో పులిట్జర్ ప్రైజ్ వచ్చింది, అదే ఏడాది అమెరికన్ టీవీ హోస్ట్ ఓప్రా విన్‌ఫ్రీ తన బుక్ క్లబ్‌కి తీసుకోవడంతో అమెరికాలో పెద్దగా నవలలు చదవని ఇళ్లలోకి కూడా వెళ్లింది. నా దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో దొరికింది, 120 రూపాయలు. అంతకుముందు ఆ కాపీ చదివినవాళ్లెవరో కష్టమైన ఇంగ్లిష్ మాటల కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన సన్నని అక్షరాలతో తెలుగులో అర్థాలు రాసుకున్నారు. మొదటి పేజీల్లోనే ‘బూడిద’ అని మూడు చోట్ల ఉంది. అరవయ్యో పేజీ దాటిన కాసేపటికి గీతలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక్క గుర్తు కూడా లేదు. వాళ్లు అక్కడ ఎందుకు ఆపేశారో నాకు బాగానే అర్థమైంది, ఎందుకంటే కథలోని పిల్లాడి తల్లి వెళ్లిపోయే ఘట్టం వచ్చేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే, నేను కూడా అక్కడే పుస్తకం మూసి నాలుగు రోజులు ముట్టుకోలేదు.

కథ చెప్పాలంటే రెండు ముక్కలు. లోకం కాలిపోయింది. ఒక తండ్రి, ఒక చిన్న కొడుకు, సూపర్‌మార్కెట్‌లో సామాన్లు వేసుకునే ట్రాలీ ఒకటి తోసుకుంటూ, దుప్పట్లూ టార్పాలినూ నాలుగు డబ్బాల తిండీ అందులో పెట్టుకుని, ఉత్తరాన చలికి తట్టుకోలేమని దక్షిణంగా సముద్రం వైపు నడుస్తారు. ట్రాలీకి ఒక బైక్ అద్దం బిగించుకున్నాడు తండ్రి, వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకోవడానికి. చేతిలో పిస్టల్, అందులో రెండు గుళ్లు. ఎండ లేదు, పచ్చని ఆకు లేదు, పక్షి లేదు. మిగిలిన మనుషుల్లో చాలామంది మనుషుల్నే తింటున్నారు. ఆ రెండు గుళ్లూ శత్రువుల కోసం కాదు, తమ కోసమే దాచుకున్నవి. ఇది నవల మొదటి భాగంలోనే తెలిసిపోతుంది, అక్కడి నుంచి చివరి దాకా ఆ పిస్టల్ ఎక్కడుందా అని మనమూ లెక్క చూసుకుంటూనే ఉంటాం.

వాళ్లకు పేర్లు లేవు. నవలలో అధ్యాయాలు లేవు. మాటలకు ఇన్వర్టెడ్ కామాలు లేవు, ‘అన్నాడు’ అనేది కూడా చాలా చోట్ల ఉండదు. నాలుగు వాక్యాలో, అర పేజీయో, తర్వాత ఖాళీ, మళ్లీ నాలుగు వాక్యాలు. మొదటి ముప్పై పేజీలు ఇది చిరాకు పెట్టింది నన్ను, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక వెనక్కి వెళ్లి వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత ఒకటి జరిగింది, ఇది మనవాళ్లకే అర్థమవుతుందేమో. నేను ఇంగ్లిష్ చదివినా మాటలు లోపల తెలుగులోనే వినిపిస్తాయి. మన ఇళ్లలో కొడుకు తండ్రిని ‘నాన్నా’ అంటాడు, తండ్రి ముద్దొస్తే కొడుకునీ ‘నాన్నా’ అనే అంటాడు. భయమేస్తోంది నాన్నా. ఏం కాదులే నాన్నా. సరేనా? సరే. ఇద్దరికీ ఒకే పిలుపు, పక్కన కామాలు లేవు, పేర్లు లేవు, దాంతో కొన్ని పేజీల్లో ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో నాకు నిజంగానే తెలియకుండా పోయింది. అలా తెలియకపోవడమే ఆ పుస్తకం అసలు సంగతని చాలా పేజీల తర్వాత గ్రహించాను. వాడి ప్రాణం ఈయన కాపాడుతున్నాడు, ఈయన మనిషిగా మిగలడాన్ని వాడు కాపాడుతున్నాడు.

ఈ సంభాషణల్లో అంత నిజం ఎక్కడి నుంచి వచ్చిందంటే, మెకార్థీకి అరవై దాటాక పుట్టిన కొడుకున్నాడు, నవల వాడికే అంకితం. టెక్సస్‌లోని ఎల్ పాసోలో ఒక హోటల్ గదిలో పిల్లాడు నిద్రపోతుంటే, తెల్లవారుజామున రెండు మూడు గంటలప్పుడు కిటికీ దగ్గర నిలబడి బయట రైళ్ల చప్పుడు వింటూ, ఇంకో యాభై, వందేళ్లకు ఈ ఊరు ఎలా ఉంటుందో, ఆ కొండ మీద మంటలు లేస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నానని ఆయనే టీవీలో ఓప్రాకు చెప్పాడు. నవల్లోని చాలా మాటలు తామిద్దరూ నిజంగా మాట్లాడుకున్నవేనని తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో అన్నాడు. చదువుతుంటే నమ్మబుద్ధవుతుంది. పిల్లలు ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా మార్చి అడుగుతారు చూడండి, మనం అబద్ధం చెబుతున్నామేమోనని పరీక్షించడానికి, అచ్చం అలాగే అడుగుతాడు ఆ అబ్బాయి. మనం ఎప్పటికీ మనుషుల్ని తినం కదా? ఆకలితో చచ్చిపోతున్నా తినం కదా? ఎందుకంటే మనం మంచివాళ్లం కదా?

నాకు బాగా నచ్చింది ఆ తండ్రి చేతులు. ఆయన ఇదివరకు ఏం ఉద్యోగం చేశాడో చెప్పరు, కానీ చేతి పని వచ్చిన మనిషి. ట్రాలీ ముందు చక్రం ఊగిపోతుంటే, దాన్ని విప్పి, చేత్తో తిప్పే డ్రిల్లుతో బెజ్జం పెద్దది చేసి, హ్యాక్సా బ్లేడుతో ఒక పైపు ముక్క కోసి లోపల బుష్‌లా కూర్చుతాడు. మా నాన్న సైకిల్‌కి ఇలాంటి పనులు చేసేవారు, మాట్లాడేవారు కాదు, బోల్టులన్నీ ఒక మూతలో వేసుకునేవారు పోకుండా. ఇంకోచోట పాడుబడ్డ పెట్రోల్ బంకులోకి వెళ్తారు, అంతా వెతికి ఏమీ లేదని బయటికొచ్చి పావు మైలు నడిచాక, మనం సరిగ్గా ఆలోచించడం లేదని తండ్రి ఆగిపోయి వెనక్కి తిరుగుతాడు. చెత్తడబ్బాలో పారేసిన ఇంజిన్ ఆయిల్ సీసాలన్నీ ఏరి, ఒక్కొక్కటే వంచి, అడుగున మిగిలిన చుక్కలు కారేదాకా పెడతాడు. అన్నీ కలిపితే అర లీటరు కూడా ఉండదు. పొడవైన చీకటి సాయంత్రాలకు చిన్న దీపం పెట్టుకోవడానికి. ఇలాంటి చోట మెకార్థీ ఒక్క విశేషణం కూడా వాడడు, ఏ చెయ్యి ఏం చేసిందో చెబుతాడంతే, నేను మాత్రం ఊపిరి బిగబట్టి చదివాను. అదే బంకులో ఒక టెలిఫోన్ ఉంటుంది. ఆయన రిసీవర్ ఎత్తి ఎప్పటిదో తన తండ్రి ఇంటి నంబర్ తిప్పుతాడు. అబ్బాయి చూసి, ఏం చేస్తున్నావని అడుగుతాడు. అంతే, సీన్ అయిపోతుంది.

కోకా కోలా సంగతి చాలామంది చెబుతారు. పగలగొట్టిన మెషీన్ లోపల ఒకే ఒక్క డబ్బా మిగిలి ఉంటుంది, తండ్రి అదంతా కొడుక్కే ఇస్తాడు, వాడు జీవితంలో అది తాగడం మొదటిసారి. కాస్త తాగి, నువ్వు కూడా తాగు అంటాడు. నన్ను పట్టుకున్నది అది కాదు, కోకో సీన్. ఒక చలి రాత్రి మిగిలిన కాస్త కోకో పొడి వేడినీళ్లలో కలిపి పిల్లాడికి ఇచ్చి, తండ్రి తన కప్పులో ఉత్త వేడినీళ్లు పోసుకుంటాడు. వాడు కనిపెట్టేస్తాడు. అలా చేయనని నాకు మాటిచ్చావుగా అని నిలదీస్తాడు. చిన్న మాట తప్పినవాడు పెద్ద మాట కూడా తప్పుతాడని తండ్రి నేర్పిందే తండ్రికి అప్పజెబుతాడు. చివరి పూరీ వాడి ప్లేటులో వేసి ‘నాకు కడుపు నిండింది నాన్నా’ అని చెప్పని తండ్రి మన దగ్గర ఎవరున్నారు? దాన్ని త్యాగం అనుకుంటాం. పిల్లాడి వైపు నుంచి చూస్తే అది అబద్ధం, అంతకన్నా ఎక్కువ భయం, ఎందుకంటే ఈయన తినడం మానేస్తే చచ్చిపోతాడు, చచ్చిపోతే వాడు ఒంటరివాడైపోతాడు. ఇంత చిన్న సీన్‌లో ఇంత సంగతి పెట్టడం మామూలు రచయితల వల్ల కాదు.

ఇక నాకు నచ్చనివి. చిన్నవి ముందు చెప్పేస్తాను.

ఇంగ్లిష్ కష్టం. వాక్యాలు పొట్టివే, ఉన్నట్టుండి ‘సాలిటర్’, ‘క్రోజిల్డ్’ లాంటి మాటలు పడతాయి, డిక్షనరీ వెతికినా ఒక పట్టాన దొరకవు. మెకార్థీ అభిమానులకు అదే ఇష్టం, నాకైతే చలికి వణుకుతున్న ఇద్దరు మనుషుల దగ్గర కూర్చున్నవాడిని ఎవరో భుజం తట్టి లేపినట్టు అనిపించింది. రెండోది, అసలు ఏం జరిగిందో చెప్పకపోవడం. పొడవాటి వెలుగొకటి, వరసగా దూరపు చప్పుళ్లు, గడియారాలన్నీ 1:17కి ఆగిపోయాయి, అంతే. అణుబాంబులా, ఉల్కా? మెకార్థీ శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్‌లో శాస్త్రవేత్తల మధ్య తిరిగిన మనిషి, అక్కడి జియాలజీ వాళ్లు కొందరు ఉల్క అనుకున్నారట, తనకైతే ఏదైనా ఒకటేనని తేల్చేశాడు. నాకూ అది ఒకటే. కానీ ఒకటి రెండు చోట్ల కుక్క ప్రస్తావన తప్ప బతికున్న జంతువే కనబడకపోవడం, ఇన్నేళ్ల తర్వాత కూడా మనుషులు మాత్రం గుంపులుగా మిగలడం, ఆ లెక్క నాకు కుదరలేదు. నూరు పేజీల తర్వాత ఆ లెక్క మానేశాను.

మూడోది చిన్నది కాదు. ఆ తల్లి. లోకం కాలిపోయిన రాత్రికి ఆవిడ కడుపుతో ఉంది, కొన్ని రోజులకే పిల్లాణ్ణి కంది. కొన్నేళ్లు బతికాక ఇక చాలంది. వాళ్లు మనల్ని పట్టుకుంటారు, చెరుస్తారు, చంపి తింటారు, నువ్వు కాపాడలేవు, నీకది తెలుసు, అంటుంది భర్తతో. ఆయన దగ్గర జవాబు లేదు. ఆవిడ ఆ రాత్రే చీకట్లోకి వెళ్లి ప్రాణం తీసుకుంటుంది, పిల్లాడికి చెప్పకుండానే. మొత్తం నవల్లో ఆవిడకు దక్కినవి నాలుగైదు పేజీలు, ఇంకొన్ని కలలు. నా తర్వాత మా ఆవిడ ఈ పుస్తకం మొదలుపెట్టింది, ఆ పేజీ దగ్గర తలెత్తి, “ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది?” అంది. తప్పేమీ లేదు. నవల్లో అంత సూటిగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. అలాంటి మనిషిని ఇంత త్వరగా పంపించేసి, మిగతా నవలంతా తండ్రికి రాసిచ్చాడు రచయిత. ఆ తర్వాత కనబడే ఆడవాళ్లు ఎవరంటే, గుంపు వెనక నడిపించుకుపోయే గర్భిణులు, నేలమాళిగలో కట్టేసి ఉన్నవాళ్లు, చివర్లో అమ్మలా దగ్గరకు తీసుకునే ఒకావిడ. 2009లో జాన్ హిల్‌కోట్ తీసిన సినిమాలో తల్లి పాత్రను కాస్త పెంచారు, అక్కడ అది బాగుంది.

ఆ నేలమాళిగ గురించి కూడా చెప్పాలి. ఆకలితో తండ్రీ కొడుకులు ఒక పెద్ద ఇంట్లో దూరి, తిండి దాచారేమోనని తాళం పగలగొట్టి కిందికి దిగుతారు. కింద ఉన్నది తిండే, కానీ బతికున్న మనుషుల రూపంలో. ఒకతని కాళ్లు తుంటి దాకా లేవు. రాత్రి పదకొండున్నరకు చదివాను నేను ఇది. లేచి వెళ్లి పక్క గదిలో మావాడు పడుకున్నాడో లేదో చూసి, తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాను. తర్వాత ఇంకోచోట, అడవిలో ఎవరో వదిలేసి పారిపోయిన మంట మీద పసిగుడ్డును చూస్తారు వీళ్లు. అక్కడ నాకు మెకార్థీ మీద కోపం వచ్చింది. నేలమాళిగ అవసరం. ఆ ఇల్లు లేకపోతే తండ్రి భయానికి విలువ లేదు. పసిబిడ్డ సీన్ మాత్రం, నన్ను ఇప్పటికే భయపెట్టి ఉన్న మనిషి ఇంకోసారి వచ్చి భయపెట్టడం. అవసరం లేదు, ఇప్పటికీ అదే అంటాను.

ఇదంతా ఒక ఎత్తు. నా అసలు పేచీ వేరే. నవల్లో ఎదురయ్యే మనుషుల్లో నూటికి తొంభై మంది రాక్షసులే, లేదా చావుకు దగ్గరైనవాళ్లు. అంటే ఎవరినీ నమ్మొద్దనే తండ్రి ప్రతిసారీ కరెక్టే. పిల్లాడు ప్రతిసారీ ఆగుదాం అంటాడు, ఇద్దాం అంటాడు, దారిలో కనబడ్డ ఇంకో పిల్లాణ్ణి కూడా మనతో తీసుకెళ్దాం అని ఏడుస్తాడు, తండ్రి లాక్కుపోతాడు. తండ్రే గెలిచేలా రచయిత ముందే ముక్కలు పేర్చి పెట్టాడనిపించింది. నేను చూసిన లోకం అలా లేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. అప్పుడు మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో అద్దెకుండేవాళ్లం, మావాడికి రెండేళ్లు. నవల్లో చప్పుళ్లు వినబడగానే తండ్రి బాత్రూంలోకి వెళ్లి తొట్టిలో కుళాయిలు తిప్పేస్తాడు, ఈ వేళ స్నానమేంటని భార్య అడుగుతుంది, స్నానానికి కాదంటాడు. ఆ వాక్యం దగ్గర నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే శనివారం రాత్రి నేను చేసిందీ అదే. బకెట్లు, బిందెలు, ప్రెషర్ కుక్కరు, వాడి స్నానం టబ్బు, అన్నీ నింపాను. మంచినీళ్లు రెండు క్యాన్లు కొని వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టాను. గాలి తగ్గి బయటికొస్తే చెట్టన్నది నిలబడి లేదు, నిలబడ్డవాటికి ఆకు లేదు, పచ్చగా ఉండే కైలాసగిరి తర్వాత రెండు మూడు రోజుల్లో ఎవరో తగలబెట్టినట్టు గోధుమ రంగుకు తిరిగింది. నవల్లో కాలిన కొండల గురించి చదివినప్పుడల్లా నాకు కనబడింది అమెరికాలోని టెన్నెసీ కాదు, ఆ కొండే. కరెంటు లేదు, మోటారు తిరగదు కాబట్టి నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం తెల్లవారకముందే లైన్లు.

మర్నాడు సాయంత్రం కింది పోర్షన్‌లో ఉండే మాస్టారు మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టారు. రిటైరైన పెద్దాయన, భార్య పోయారు, పిల్లలు దూరంగా ఉంటారు. “బాబూ, మాత్ర వేసుకోవాలి, ఒక గ్లాసు మంచినీళ్లుంటే ఇస్తారా” అన్నారు. నా చంకలో పిల్లాడున్నాడు. “లేవు మాస్టారూ, మాకే అయిపోయాయి” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నోట్లోంచి, ఇప్పటికీ గుర్తుంది. ఆయన పర్లేదు బాబూ అని వెనక్కి తిరిగారు. నాలుగు మెట్లు దిగారో లేదో, లోపలి నుంచి మా ఆవిడ పెద్ద స్టీలు చెంబు నిండా పట్టుకొచ్చి, నన్ను దాటుకుని వెళ్లి ఆయన చేతికిచ్చింది. నాతో ఏమీ అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. మర్నాటి నుంచి ఆ వీధిలో ఎవరింట్లో ఉన్నది వాళ్లు పట్టుకొచ్చారు, ఎవరో జనరేటర్ తెచ్చి అందరి ఫోన్లూ చార్జింగ్ పెట్టించారు, మాస్టారు కూడా తన గదిలో ఉన్న కొవ్వొత్తుల కట్ట తెచ్చి మాకిచ్చారు. అందుకే అంటున్నాను, నేను చూసింది వేరు.

నాలుగు రోజుల తుఫాను కష్టానికీ ఏళ్ల తరబడి సాగే లోకం అంతానికీ పోలిక లేదు, ఆ మాత్రం తెలుసు. రేపో ఎల్లుండో లారీలు వస్తాయని మా అందరికీ తెలుసు కాబట్టి ఇవ్వగలిగాం. ఆ తండ్రికి లారీ రాదు. కానీ నేను అబద్ధం ఆడింది కూడా లారీలు వస్తాయని తెలిసే కదా. చంకలో పిల్లాడుంటే మనిషికి లెక్క మారిపోతుంది, అది మెకార్థీకి తెలుసు, అంత బాగా తెలిసిన రచయితను నేను ఇంకొకరిని చదవలేదు.

నవల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇక్కడే ఉంది. రోడ్డు మీద కుంటుకుంటూ పోతున్న ముసలాయన ఒకడు తగులుతాడు, కళ్లు సరిగ్గా కనబడవు. ఏదైనా ఇద్దామంటాడు పిల్లాడు. తండ్రికి ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటాడు. పళ్ల డబ్బా ఒకటి ఇస్తారు, ఆ రాత్రి కూడా తమతోనే ఉండనిస్తారు. ముసలాయన తన పేరు ఈలై అంటాడు, నవల మొత్తానికి వినబడే పేరు అదొక్కటే, తర్వాత అదీ తన అసలు పేరు కాదంటాడు. పొద్దున్నే విడిపోయేటప్పుడు ఆయన థ్యాంక్స్ కూడా చెప్పడు. తండ్రి ఆ మాట అడిగితే, నేనైతే మీకిచ్చేవాణ్ణి కాదన్నట్టు మాట్లాడతాడు. ఇచ్చింది పిల్లాడు, వాడికి ఆ లెక్కలేవీ లేవు. ఈ సీన్ రాసినప్పుడు మెకార్థీ ఎంత నిజాయితీగా ఉన్నాడంటే, మంచి చేసినందుకు ఎవరికీ ఏ ప్రతిఫలమూ దక్కదు, పిల్లాడి మనసు కాస్త కుదుటపడడం తప్ప.

సముద్రం దగ్గరకు చేరాక వాళ్ల ట్రాలీని ఒకడు దొంగిలిస్తాడు. వెంటపడి పట్టుకుని, తండ్రి పిస్టల్ చూపించి, వాడి ఒంటి మీద బట్టలన్నీ విప్పించి, చలిలో దిగంబరంగా రోడ్డు మీద వదిలేసి వస్తాడు. నువ్వు మాకు చేసిందే నీకు చేశానంటాడు. అక్కడ నుంచి పిల్లాడి ఏడుపు ఆగదు. వాడి పట్టు మీద వెనక్కి వెళ్లి బట్టలు పెట్టి వస్తారు కానీ ఆ మనిషి కనబడడు. అన్నిటి గురించీ దిగులు పడాల్సింది నువ్వు కాదు అని తండ్రి కసిరితే, కాదు, నేనే, అంటాడు వాడు. పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తండ్రి గెలిచేలా పేర్చారని నేను పేచీ పెట్టిన ఆటలో, తండ్రి ఓడిపోవడం ఇక్కడ మొదలవుతుంది.

ముగింపు గురించి చాలామందికి అసంతృప్తి ఉంది, నాకూ ఉంది, కాకపోతే కారణం మారింది. తండ్రి దగ్గి దగ్గి రక్తం కక్కి చనిపోతాడు. పిల్లాడు మూడు రోజులు ఆయన పక్కనే కూర్చుని, తర్వాత రోడ్డు మీదికి వస్తాడు. వెంటనే ఎవరో తుపాకీ మనిషి వస్తాడు, వాళ్లకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, భార్య, మంచివాళ్లు. మొదటిసారి చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది, పది నిమిషాల తర్వాత మోసపోయానన్న బాధ కలిగింది. ఇన్ని పేజీలు ఒక్క మంచివాణ్ణి కూడా చూపించకుండా, అవసరం రాగానే ఆకాశం నుంచి దించినట్టు ఒక కుటుంబాన్ని దించేశాడేమిటని.

రెండోసారి చదివినప్పుడు ఆ కొత్త మనిషి మాటల్లో ఒకటి పట్టుకుంది. మీ వెనక రావాలా వద్దా అని మాలో మేం మాట్లాడుకున్నాం అన్నట్టు అంటాడు. మొదటిసారి నేను దాటేశాను దాన్ని. అంటే వీళ్లు అప్పుడే ఊడిపడలేదు. తండ్రీ కొడుకుల జాడ తెలిసి, వెనకాలే వస్తున్నారు. ఎన్నాళ్ల నుంచో చెప్పడు. బైక్ అద్దంలో తండ్రి చూసుకుంటూ వచ్చింది ఎవరినైతే, అందులో వీళ్లు కూడా ఉండొచ్చు. దగ్గరికొస్తే ఆయన కాల్చేసేవాడు, అందుకే వాళ్లూ రాలేదు. రాక్షసుల నుంచి కొడుకుని కాపాడిన భయమే మంచివాళ్లకూ కొడుకుని కనబడకుండా దాచింది. ఇంత పెద్ద సంగతిని మెకార్థీ ఒక్క వాక్యంలో, అదీ పరాయివాడి నోట, పుస్తకం ఇంకో మూడు నాలుగు పేజీల్లో అయిపోతుందనగా పడేశాడు. నాకది అన్యాయంగా అనిపించింది. ఆ వాక్యం నవల మధ్యలో ఎక్కడో తండ్రి చెవిన పడి ఉంటే ఎలా ఉండేది? ఆయన ఏం చేసేవాడు? నాకు కావాల్సిన నవల అది. ఈ పుస్తకంలో అది లేదు. నా కాపీలో ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను, అరవయ్యో పేజీ తర్వాత ఆ పుస్తకంలో ఉన్న గీత అదొక్కటే.

స్టార్లు ఇవ్వాలంటే ఐదుకి మూడున్నర ఇస్తాను. తండ్రీ కొడుకుల మాటలకూ, ఆ చేతి పనులకూ ఐదుకి ఐదు. తల్లి విషయంలోనూ, పసిబిడ్డ సీన్ విషయంలోనూ, ముగింపు హడావుడిలోనూ పోయింది మిగతాది. మెకార్థీ మొదటిసారి చదివేవాళ్లకు మిగతా నవలలకంటే ఇదే సులువు, మూడు వందల పేజీలు కూడా ఉండదు, ఇంగ్లిష్ మీడియంలో చదవని నాలాంటివాళ్లు కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని వారంలో ముగించొచ్చు. పాలు తాగే పిల్లలున్నవాళ్లు, ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయినవాళ్లు ఇప్పుడు వద్దు, తర్వాత చదువుకోండి. మిగిలినవాళ్లు పగలు చదవండి, నాలుగైదు రోజులు పెట్టుకోండి, ఏకబిగిన మాత్రం వద్దు.

మా ఆవిడ ఇంకా పూర్తి చేయలేదు, రోజుకు పది పేజీల చొప్పున చదువుతోంది. నిన్న రాత్రి ఆ ముసలాయన దగ్గరికి వచ్చింది. పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఒకసారి నా వైపు చూసి, ఏమీ అనకుండా పేజీ తిప్పింది.